క్లైవ్ కుర్చీ మా అమ్మాయికొచ్చింది

మా లొరెల్‌కి వచ్చేసిందండీ, క్లైవ్ కుర్చీ మా లొరెల్‌కే వచ్చింది! ఆ మాట ముందు చెప్పకపోతే మిగతాది నా నోట రాదు. అధ్యక్షులైన గని మేనేజరు ట్రెగియర్ గారికీ, మొరాన్‌బా క్లబ్బు పెద్దలకీ, నాతో గనిలో మట్టి తోడే డ్రాగ్‌లైన్ యంత్రం నడిపిన పాత మిత్రులకీ నమస్కారం.

ముప్పై ఏళ్లు మన గని బొగ్గు మీద ప్రభుత్వానికి కట్టే రాయల్టీ లెక్కలు చూసి ఈ రోజు రిటైరవుతున్న క్లైవ్ పెంబర్టన్‌ని పొగడమని నన్నిక్కడ నిలబెట్టారు. పొగుడుతాను గానీ, మా పిల్ల ఆయన దగ్గర పనిలో చేరిన ఈ పదకొండేళ్లూ ఆయనంటే నాకు కుళ్లు. భోజనానికి కూర్చుంటే చాలు, క్లైవ్ ఏమన్నాడో తెలుసా నాన్నా అని మొదలెట్టేది. బొగ్గు తవ్వింది నేను, బొగ్గు సంగతి చెప్పేది ఆయనా? (నవ్వులు) నవ్వకు స్టాన్, నీకు కూతురు లేదు.

ప్రభుత్వం రాయల్టీకి కొత్త మెట్లు పెట్టిన ఏడాది, టన్ను ధర మూడు వందల డాలర్లు దాటితే మొత్తం ధర మీద నలభై శాతం పట్టుకుపోతారని ఈ బార్లోనే బల్ల గుద్ది చెప్పాను, మీరూ తలలూపారు. లొరెల్ మాత్రం, "కాదు నాన్నా, మొదటి వంద డాలర్లకి ఎప్పుడూ ఏడు శాతమే. ఆ పైన ఏ మెట్టు ముక్కకి ఆ మెట్టు రేటు. నలభై శాతం మూడు వందలు దాటిన ముక్కకే. కావాలంటే క్లైవ్‌ని అడుగు" అంది. ఆయన్ని అడగడం కంటే తప్పు చెప్పడమే నయమనుకుని ఏడాది పాటు తప్పే చెప్పాను. చివరికి, మన గనిలో మెట్లు మెట్లుగా తవ్వే బెంచీల్లాంటిదన్నమాట, పై బెంచీలో రాయి గట్టిగా ఉంటే కింది బెంచీ తవ్వకం రేటు పెరగదు కదా అని లొరెల్ దగ్గర విసుక్కుంటూ ఒప్పుకున్నాను.

ఇందాక భోజనాల దగ్గర క్లైవ్ నా పక్కన కూర్చున్నాడు. ఈ కుర్చీకి జరిగిన ఇంటర్వ్యూలో రాయల్టీ మెట్ల సంగతి వివరించమంటే, మా పిల్ల ఆయన నేర్పిన పట్టిక వదిలేసి, మా నాన్న ఇలా చెప్తాడంటూ బెంచీలు గీసి చూపించిందట. "ముప్పై ఏళ్లలో నాకది తట్టలేదు వెర్న్. ఆ రోజు నిన్ను చూసి కుళ్లుకున్నాను" అన్నాడు.

నన్ను చూసి కుళ్లుకున్న మనిషి ఇంతవరకు లేడండీ. క్లైవ్, నా పిల్లకి పని నేర్పినందుకు నీకు దండం. అందరికీ కృతజ్ఞతలు, నాకు సెలవిప్పించండి, ఫోన్లు చెయ్యాలి. రాక్‌హాంప్టన్‌లో మా అక్క బెరిల్‌కి, ఎమరాల్డ్‌లో బావమరిది కీత్‌కి, మా పెద్దాడు గ్రాంట్‌కి, వాడి అత్తగారికి, అందరికంటే ముందు చెల్లెలింటికి వెళ్లిన మా ఆవిడ మెర్ల్‌కి. లొరెల్, ఆ ఫోను కింద పెట్టమ్మా, మీ అమ్మకి నేను చెప్తాను.