నోటికొచ్చిన నంబరు

హలో… ఆ, నేనే. కారు చక్రానికి తాళం వేశారని ఇందాక ఫోన్ చేసిన ముసలమ్మని. ఒక్క నిమిషమమ్మా… ఏమే, ఆ తువ్వాలు సంచి అడుగున పెట్టకు, రాత్రికి కావాలి. స్కానింగు కాగితాలు పైనుంచు… ఆ, చెప్పండి.

మా చెల్లెలు. తాళం వేసిన కారు దీనిదే. సంచి సర్దుకుంటోంది. ఐదింటికల్లా ఆసుపత్రిలో చేరాలి. రేపు పొద్దున్నే ఆపరేషను, కడుపులో గడ్డకి. చేరేముందు నన్ను ఒకసారి చూసి పోదామని వచ్చింది…

లేదమ్మా, పార్కింగ్ టికెట్ తీశాం. నేనే తీశాను, ఫోన్లో. పదకొండింటికి ఒకటి, ఒంటిగంటకి ఒకటి. మా గుమ్మం ముందే కదా కారు, కిటికీలోంచి కనబడుతూనే ఉంది. అయినా చుట్టాన్ని కూడా గంటల లెక్కన కూర్చోబెట్టుకోవాల్సి వస్తోంది ఈ వీధిలో…

నంబరా? నలభై ఏడు ముప్పై రెండు.

తెల్లది… కాదు, నీలం. తెల్లది మాది. దీనిది నీలం…

అలాగా, ఆ నంబరు నీలం కారుది కాదా?

ఏమే, నీ కారు నంబరెంత?… నవ్వకు, చెప్పు… అయ్యో.

తప్పు నాదేనమ్మా. మా పాత కారు నంబరు కొట్టేశాను. పన్నెండేళ్లు ఆ వీధి మూల టికెట్ మిషన్ దగ్గర అదే నొక్కాను. వేలు దానంతటదే పోయింది… టికెట్ అయితే తీశాను కదా? రెండూ ఉన్నాయి కదా మీ దగ్గర?

ఏడింటికా? తాళం తీసేవాళ్లు ఏడింటికొస్తే ఏం లాభం, ఐదింటికి చేరాలంటే…

టాక్సీలూ పిలిచాం. ఆగడానికి చోటు లేదని రెండూ అలాగే తిరిగిపోయాయి. వీధి చివరిదాకా రమ్మన్నారు. అది సంచి మోయకూడదు. నా మోకాళ్లు మెట్లకే ఏడుస్తాయి…

ఔను, అదే వెళ్తానంది. కిందికి దిగి మిషన్లో టికెట్ తీసుకొస్తాను, రెండు నిమిషాల పనంది. నేనే దిగనివ్వలేదు. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను…

ఎందుకంటే… ఊరికే.

ఏమిటి? ఆ తెల్ల కారు ఎవరి పేరున ఉందో వాళ్లు మాట్లాడితే టికెట్ దీని కారుకి మారుస్తారా? ఒక్క మాట చెబితే చాలా? తాళం ఇప్పుడే తీయిస్తారా?

కుదరదమ్మా.

ఊళ్లో లేకపోవడం కాదు. ఫోన్లోనూ దొరకరు…

సరే, రాసుకోండి. ఆ కారు మా ఆయనది. అన్నం తింటూ లేచారు. టైమైపోయింది, టికెట్ మార్చి వస్తాను, కంచం తియ్యకు అన్నారు. మిషన్ దగ్గరే పడిపోయారట. తొమ్మిదేళ్ల కిందట, మే పదకొండున, మధ్యాహ్నం ఒంటిగంటా పది నిమిషాలకి దిగారు. తిరిగి రాలేదు.