సివిలోళ్ల పిల్ల

కోదాడ ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్లో ఉండే జ్యోత్స్న శనివారం పాలకీడులోని ఇంటికి వచ్చింది. పొయ్యి దగ్గర తల్లి జానమ్మ, గడపలో తండ్రి కృపాకర్.

"పొయ్యిల వెయ్యకమ్మా! ఆ పాల కవర్ ఇటియ్యి."

"ఇయ్య. కవరేస్తేనే కట్టె అంటుకుంటది. ఇయ్యాల కొత్తనా?"

"కడిగి కోదాడకు తీస్కపోత."

"ఇంట్ల చెత్త కోదాడకు మోస్తవా? బస్సుల జనం నవ్వుతరే."

"నవ్వనీ. మేం సివిలోళ్లం, ప్లాస్టిక్ కాలవెట్టం."

"ఏం వాళ్లు?"

"సివిల్ బ్రాంచోళ్లం. కాలేజీల ప్లాస్టిక్ ఏయనీకి బ్రాంచికొక జాలీ డబ్బా పెట్టిన్రు. ఎవ్వలది ఎక్కువ తూగితే వాళ్లు గెలిసినట్టు. ముందుగాల ఎవ్వలు పట్టించుకోలే. ఇది సివిలోళ్ల ఇజ్జత్ అన్నది విజయక్క. గంతే! ఇగ మా క్లాసుల ఒక్క సీసా కింద కనవడదు."

"ఆ విజయక్కనేనా?"

"మా సీనియర్. ఫోన్ల చెప్పిన కదా."

"చెప్పినవ్, చెప్పినవ్. విజయక్క అన్నది, విజయక్క నవ్వింది. తిన్న కంచం తియ్యవే అని నేనెంత మొత్తుకున్న? ఒక్కనాడన్న తీసినవా?"

"అది వేరే, ఇది వేరే."

"ఏం వేరే? ఆమె చెప్తే ఇజ్జత్, నేను చెప్తే లొల్లి."

"జానమ్మా, పొల్ల మంచి పనే చేస్తున్నది గదా. నీకెందుకు మంట?"

"నువ్వూకో అయ్యా. నీ బిడ్డను నువ్వెన్నడన్న ఒక్క మాటన్నవా?"

"నాయినా, వచ్చే ఆదివారం నేను రాను. ఆఖరి తూకం ఉన్నది. హైవే హోటళ్లకాడ సీసాలు ఏరనీకి మా వాళ్లందరం పోతున్నం."

"ఆదివారం మీ అన్న ప్రధానం గదనే!"

"ఎరుకనేనమ్మా. ప్రధానమే గదా, పెండ్లికి వారం ముందే వస్త. నేను లేకుంటే మా వాళ్లు ఓడిపోతరు."

"మీ వాళ్లు."

"అమ్మా..."

"సొంత అన్నకు ఉంగరం తొడిగితే చూడనీకి పుర్సత్ లేదు. సీసాలు ఏరనీకి ఉన్నది."

"గట్ల పట్టుకోకు. విజయక్క ఏమనుకుంటది?"

"మేమేమనుకుంటమో?"

"మీరు... మీరు ఇంటోళ్లే గదనే."

"కంచం తెచ్చుకో, అన్నం పెడ్త."

"అలిగినవా?"

"అలగలే. తిను. ఆ విజయకు ఏం కూరంటే పానం?"

"వంకాయ. ఎందుకే?"

"ఊకెనే అడిగిన."

"పాపం, మెస్సుల ఉడకనే ఉడకదు. రోజు తిట్టుకుంట తింటది. వంటకు వేరే మనిషిని సూస్తున్నరంట."

"దొరికిందంట."

"ఎవ్వలు? నీకెట్ల ఎరుక?"

"పో, సుధాకర్‌ను గూడ పిల్చుకరా. అందరు ఇనాలె."

"అన్న ఎందుకు? ఏందమ్మా?"

"మొన్న నీకు పచ్చడి ఇయ్యనీకి వచ్చినప్పుడు వార్డెనమ్మ నన్నడిగింది. ఇయ్యాల పొద్దుగాల ఫోన్ జేసి వస్తనని చెప్పిన. ప్రధానం అయిన తెల్లారి నుంచి మీ అందరికి వండేది నేనే, ఉండేది గూడ గాడనే."