గోన్‌చిగ్ అన్న జీను మోసుకొచ్చిన రోజు

ఈ ఏటికి చివరి టూరిస్టు వ్యాను నిన్న సాయంత్రమే వెళ్ళిపోయింది. అడవి గుర్రాల పార్కు గేటు పక్కన నా టీ కొట్టులో ఇక ఊరివాళ్ళు తప్ప ఎవరూ రారు. వేసవంతా నిలబడి నిలబడి నా కాళ్ళు ఎప్పుడో చేతులెత్తేశాయి. బయట మొదటి మంచు పడుతోంది. పిడకల పొయ్యి దగ్గర ముడుచుకుని కూర్చున్నానో లేదో, గోన్‌చిగ్ అన్న జీను భుజానేసుకుని నడుచుకుంటూ లోపలికొచ్చాడు. మా గడ్డిమైదానంలో మగవాడు జీను మోసుకుంటూ నడిచొచ్చాడంటే గుర్రమైనా చచ్చుండాలి, కథైనా పుట్టుండాలి.

అప్పటికే లోపల ఇద్దరున్నారు. ఒకడు పార్కు గార్డు ఓచిర్. రెండోవాడు ముసలి పశువుల్ని మాంసానికి కొనుక్కుపోయే లారీ మాగ్నాయ్. వేసవిలో ఇదే బల్ల దగ్గర గోన్‌చిగ్ అన్నా అతనూ బేరం కుదిరిందని ముక్కుపొడుం బుడ్డీలు మార్చుకున్నారు. మంచు పడగానే తన ముసలి జేగురు గుర్రాన్ని ఇచ్చేస్తానని అన్న మాటిచ్చాడు. దాని పళ్ళు అరిగిపోయాయి, ఈ చలికాలం దాటదని అందరూ అన్నారు. మాట తప్పిన మనిషికి ఈ ఊళ్ళో టీ కూడా పుట్టదు. అందుకే మాగ్నాయ్‌ని చూడగానే అన్న మొహం మాడింది. అయినా కూర్చున్నాడు, ఉప్పు టీ అడిగాడు, మొదలెట్టాడు.

"పెద్ద సంగతేం కాదులే. నిన్న ఇద్దరు విదేశీయులకి అడవి గుర్రాల్ని చూపిద్దామని లోయలోకి వెళ్ళాను. దారిలో ఒక తోడేలు అడ్డమొచ్చింది. నా జేగురుది వెనక్కి తిరిగి ఒక్క తన్ను తన్నింది. అంతే."

"నిన్న గేట్లోంచి విదేశీయులెవరూ లోపలికి పోలేదే," అన్నాడు ఓచిర్.

"నువ్వు నిద్రపోతున్నావులే, పాపం లేపడమెందుకని వెళ్ళిపోయాం. ఇంతకీ ఆ తన్నుకి తోడేలు ఎగిరి గుట్ట దాటి పక్క జిల్లాలో పడింది. ఆ జిల్లావాళ్ళు ఫోన్ చేసి, మీ తోడేలు మా దగ్గరుంది, వచ్చి తీసుకెళ్ళమన్నారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? దాని చుట్టాలు మందలు మందలుగా దిగాయి. నేను విదేశీయుల్ని బండరాయెక్కించి, అన్నింటినీ ఒకే ఉచ్చుకర్రతో పట్టి కట్టగట్టేశాను. ఇంతలో గాలి లేచింది. ఎలాంటి గాలి! ఒక డేరా ఇంటిని అందులో టీ కాస్తున్న ముసలమ్మతో సహా ఎత్తుకెళ్ళింది. మా నెత్తి మీదుగా పోతూ ఆవిడ నాకో గ్లాసు టీ ఇచ్చింది కూడా."

"ఉప్పు సరిపోయిందా?" అన్నాన్నేను.

"నీ టీ కంటే నయం. సరే, నా జేగురుది ఆ గాలికి ఎదురు పరిగెత్తింది. పరిగెత్తీ పరిగెత్తీ చివరికి గాలే అలిసిపోయి కూలబడింది. అది చూసి అడవి గుర్రాల మంద పెద్ద, ఆ గాటు మచ్చల మగగుర్రం, దిగొచ్చి ముందు కాళ్ళు మడిచి దణ్ణం పెట్టింది. నా వల్ల కాదన్నా, వయసైపోయింది, నా ఆడగుర్రాలన్నింటినీ నువ్వే చూసుకో అని నా గుర్రానికి అప్పజెప్పింది."

మాగ్నాయ్ గ్లాసు కింద పెట్టాడు. "గోన్‌చిగ్ అన్నా, మీది విత్తు కొట్టిన గుర్రం కదా?"

"అందుకే కదయ్యా, అంత నమ్మి అప్పజెప్పింది!"

ఓచిర్‌కి టీ పొలమారింది. అన్న మాత్రం నవ్వలేదు. నిన్నటి నుంచి అన్నం తిన్నట్టు కూడా లేడు. గొంతు తగ్గించి, మాగ్నాయ్ వైపు చూడకుండా, ఇక తన గుర్రం అడవి గుర్రాలకి రాజైపోయిందనీ, తనే కళ్ళెం విప్పి, వీపు నిమిరి, జీను తెచ్చేసుకున్నాననీ చెప్పాడు.

"ఓచిర్, పార్కు జంతువు మీద చెయ్యి వేస్తే ఏమవుద్ది?"

"జైలు."

"విన్నావా మాగ్నాయ్? మాట తప్పే రకం కాదు నేను. ప్రభుత్వం అడ్డమొచ్చింది, ఏం చెయ్యను?"

పిడకలు తెద్దామని నేను తలుపు తీశాను. తీసి అక్కడే నిలబడిపోయాను. నాకా ముసలాణ్ణి చూస్తే జాలేసింది, కానీ తలుపు తెరిచే ఉంది, అందరికీ కనబడుతూనే ఉంది.

"అన్నా, మీ అడవి రాజుగారు వచ్చి నా నీళ్ళ తొట్టి నాకుతున్నారు."

అందరూ తలుపు వైపు తిరిగారు. జేగురుది వీపు మీద మంచుతో, తల దించుకుని నిలబడి ఉంది. ఏళ్ళ తరబడి టూరిస్టుల్ని మోసి నడుం వంగిపోయిన గుర్రం.

"కొండవతల వదిలొచ్చాను," అన్నాడు గోన్‌చిగ్ అన్న. "రాళ్ళు విసిరి తరిమాను. వెధవది మళ్ళీ వెనకే వచ్చింది." కాసేపు చేతులు చూసుకున్నాడు. "దాన్ని నేను లారీ ఎక్కించలేను మాగ్నాయ్. నువ్వే ఎక్కించుకో. మాట మాటే."

మాగ్నాయ్ బయటికెళ్ళాడు. గుర్రం పెదవి ఎత్తి పళ్ళు చూశాడు, తొడ మీద కాల్చిన యజమాని ముద్ర మీంచి మంచు తుడిచి చూశాడు. తిరిగొచ్చి, అది ఎవరి గుర్రమో తెలియట్లేదన్నాడు.

"ఎవరిదేంటి, నాదే! ముద్ర కనబళ్ళేదా?" అన్నాడు అన్న. పుట్టి బుద్ధెరిగాక నిజం చెప్పని మనిషి, చెప్పడానికి ఈ నిజమే దొరికింది.

మాగ్నాయ్ కూర్చోలేదు. చాలా దూరం బండి నడిపొచ్చినవాడిలా కళ్ళు నులుముకున్నాడు.

"మీ గుర్రం అడవిలో కలిసిపోయిందని ఇప్పుడే ఇంతమంది ముందు చెప్పారు. నాకంటే పెద్దవారు. మీరు చెప్పింది అబద్ధమని నేనంటే బాగుండదు. అబద్ధమైతే మీ నోటితోనే అనండి, ఇప్పుడే లారీ ఎక్కిస్తాను."

గోన్‌చిగ్ అన్న ఓచిర్‌ని చూశాడు, నన్ను చూశాడు.

"నేనెప్పుడు అబద్ధం చెప్పాను?" అన్నాడు.

"అదీ సంగతి," అని మాగ్నాయ్ టోపీ పెట్టుకుని లారీ వైపు వెళ్ళిపోయాడు.