లేస్యాకి నేను చెప్పిన మాట

నన్ను పొమ్మనకండి తమారా ల్వోవ్నా. కింద ఆసుపత్రి కాపలా మనిషి ఇప్పటికే రెండుసార్లు పొమ్మన్నాడు. "రోగికి మీరేమవుతారు?" అంటాడు. ఏమని చెప్పను? పెర్మ్‌లో ట్రాము నడుపుతాను, పదకొండేళ్లుగా ఆ పిల్ల ఎక్కడ ఆడితే అక్కడికెళ్లి చప్పట్లు కొడతాను అని చెప్పనా? పిన్నినని అబద్ధమాడి పైకొచ్చాను.

వద్దులెండి, కూచోను. నిలబడే చెబుతాను.

మీరు సవేల్యిచ్ మీద ఫిర్యాదు రాస్తున్నారట. విరిగిన కాలితో మీ లేస్యాని ఐసు మీదికి తోశాడని. దానితో జతగా ఆడే తిమూరే చెప్పాడు. కోచ్ మీద మీ కోపం నాకర్థమవుతుంది. కానీ ఆ కాగితం ఇచ్చేముందు నా మాట వినండి. విన్నాక గెంటేసినా సరే.

మీకు నేను తెలుసు కదా, ఎర్ర టోపీల్లో ఒకదాన్ని. మా పన్నెండు మందికీ ఆ టోపీలు అల్లింది ఆగస్టా ఇల్యీనిచ్నా, ఆ లెక్కల టీచరమ్మ. మీరు మమ్మల్ని చూసి నవ్వేవారు. నవ్వొచ్చేలాగే ఉండేవాళ్లం మరి.

లేస్యాకప్పుడు తొమ్మిదేళ్లు. తిమూర్‌కి పదమూడు. మెడలో స్కేట్లు వేలాడేసుకుని నా ట్రాము ఎక్కేవాళ్లు. కిటికీ పక్క సీటు ఎప్పుడూ ఆ పిల్లకే ఇచ్చేవాడు. వాళ్లు సాధన చేసే ఐసు రింకు దగ్గరే నా ఆఖరి స్టాపు. ఆ ఏడే మా ఆయన పోయాడు. ఒకరోజు డ్యూటీ దిగాక ఇంటికెళ్లబుద్ధి కాక, వాళ్ల వెనకే లోపలికెళ్లి బెంచీ మీద కూచున్నాను.

వాడు ఆ పిల్లని తల మీదికెత్తాడు. పైనుంచి అది నవ్వింది. అంతే. మర్నాడూ వెళ్లాను. ఆ తర్వాత మానలేదు.

రెండేళ్ల కిందట దాని చీలమండ విరిగినప్పుడు మీరెంత ఏడ్చారో మేమూ అంతే... అంటే, అంత కాదులెండి. తల్లి తల్లే. కానీ మా టోపీల్లో ఫాయినా ప్రతి మంగళవారం బేకరీలో పనయ్యాక ఎముకల పులుసు కాచి పట్టుకొచ్చేది, గుర్తుందా? మీ గుమ్మంలో పెట్టి గంట కొట్టి వెళ్లిపోయేది, మీకు ఇబ్బందని.

కాలు మానేదాకా ఆ ఎనిమిది నెలలూ తిమూర్ ఒక్కడే సాధన చేశాడు. వేరే అమ్మాయితో జత కట్టమని ఎంతమంది చెప్పినా వినలేదు. ఉత్త చేతులు పైకెత్తి, ఎత్తుకున్న మనిషి పైన ఉన్నట్టే రింకంతా తిరిగేవాడు. అది చూడలేక ఫాయినా బయటికెళ్లిపోయేది. నేను మాత్రం చూసేదాన్ని. చివరిదాకా చూసేదాన్ని.

మరి ఇన్నాళ్లకి ఈ ఊళ్లో, చెల్యాబిన్‌స్క్‌లో, దేశం మొత్తం మీద పోటీ. మొదటిరోజు మనవాళ్లే ముందున్నారు. ఆ సాయంత్రం మేమేం తిన్నామో ఎవరికీ గుర్తులేదు. నిన్న ఇంకొక్క ఆట నిలబెడితే చాలు, గెలుపు మనదే.

నిన్న జరిగింది మీరూ చూశారు. వాడు దాన్ని పైకి విసిరాడు. అది గాల్లో మూడు చుట్లు తిరిగి ఆ కాలి మీదే దిగింది. హాలంతా లేచి నిలబడింది. ఆట ముగిశాక మాత్రం అది కూలబడింది, మరి లేవలేదు. తిమూర్ ఎత్తుకుని మార్కులు చెప్పే బల్ల దగ్గరికి తీసుకెళ్లాడు. అర పాయింటు కూడా లేదు తేడా. రెండో స్థానం. అప్పుడు కూడా మా వైపు చెయ్యూపింది. తెర వెనక్కి వెళ్లాక స్పృహ తప్పింది.

డాక్టరు ఏమన్నారు? నడుస్తుందా? నడుస్తుంది... ఐసు మీదికి మాత్రం ఇంక లేదన్నారా.

సరే. ఇప్పుడు చెప్పాలి.

నిన్న పొద్దున, సాధన అయ్యాక, ఆడవాళ్లు బట్టలు మార్చుకునే గదిలో ఒక్కతే కూచుంది. మేజోడు తీసేసి ఉంది. చీలమండ ఉబ్బి నల్లబడిపోయింది. నన్ను చూసి దాచలేదు.

"రిమ్మా పిన్నీ, నొప్పిగా ఉంటే నాకు భయం లేదు. కానీ పొద్దున్నుంచీ ఇది నా కాలులాగే లేదు. సవేల్యిచ్ అడుగుతున్నాడు, మానేద్దామంటే మానేద్దాం అంటున్నాడు. ఏం చెయ్యను?" అంది.

మిమ్మల్ని అడగమన్నాను. "అమ్మ ఏడుస్తుంది. నువ్వయితే ఏడవకుండా చెబుతావు" అంది.

నేను ఏడవలేదు. "పన్నెండు మందిమి వచ్చామే తల్లీ. ఆగస్టా ఇల్యీనిచ్నా గుండె బాగాలేకపోయినా రైలెక్కింది. నాలుగు నిమిషాలేగా" అన్నాను.

అలా అన్నాను తమారా ల్వోవ్నా. మోకాళ్ల మీద కూచుని, కట్టు కూడా నేనే కట్టాను. బిగించి కట్టాను.

ఆగండి, అయిపోలేదు. సవేల్యిచ్ తలుపు కొట్టి లోపలికొచ్చాడు. "ఎలా ఉంది?" అనడిగితే "బాగానే ఉంది" అంది. ఆయన నమ్మలేదు. నా వైపు తిరిగి, "మీరు చెప్పండి, నిజమేనా?" అన్నాడు. ముసలాయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. మానెయ్యమనడానికి ఒక్కమాట కోసం వెతుక్కుంటున్నాడు.

"ఇందాకే మెట్లు పరిగెత్తుకుంటూ ఎక్కింది" అన్నాను.

ఆ కాగితంలో ఆయన పేరు కొట్టేసి నా పేరు రాయండి. రిమ్మా ఓసిపొవ్నా చుగైనొవా. ఇంటి పేరు తప్పు రాయకండి.

ప్రేమకొద్దీ చేశానని మీతో అనను. నిన్నటిదాకా నేనూ అలాగే అనుకున్నాను. దిగేటప్పుడు దాని చేతి వేళ్లు ఐసుకి ఆనాయి, మీరు గమనించారో లేదో. అక్కడే పోయింది ఆ అర పాయింటు. వాడు దాన్ని ఎత్తుకొస్తుంటే దాని తల వాలిపోయి ఉంది. నేను మార్కుల బోర్డు వైపే చూస్తున్నాను. రెండో స్థానం అని పడగానే నాకు కోపమొచ్చింది. దాని మీదే.

చెయ్యెందుకు ఆనించావే, అనుకున్నాను. కాలి సంగతి ఆ తర్వాత గుర్తొచ్చింది.