తడిసిన గొంగడి

వికారాబాద్‌లో వినీత గది. మనిషి తనను తానే తిట్టుకుని చిక్కిపోవడం గురించి పదేళ్లు చదివి, ఒక పుస్తకం కూడా రాసిన మానసిక నిపుణురాలు ఆమె. ఎదురుగా కుర్చీ ఉంది. దోమ మండలం నుంచి వచ్చిన గొర్ల బుగ్గమ్మ మాత్రం కిందనే కూర్చుంది.

“కుర్చీల కూసోండ్రమ్మా.”

“వద్దు మేడం. గీ బండల మీదనే సల్లగున్నది. తాండూరు బండలేనా?”

“అవును. మాది తాండూరే. మా నాయనది బట్టల దుకాణం.”

“తాండూరా.”

“మీరు గటు వస్తుంటరా?”

“వస్తుంటిమి, పిల్లకు బట్టలు కొననీకె. ఇగ రాం.”

“మనుమరాలు పోయిన కాడినుంచి మీకు నిద్ర పడ్తలేదని పరమేశ్ చెప్పిండు.”

“నా కొడుకు ఏదైనా సగమే చెప్తడు. బయట కూసున్నడు గద? చాయ తాగిండో లేదో.”

“తాగుతడు తీయండ్రి. మీరు చెప్పుండ్రి.”

“మీరు పుస్తకం రాసిన్రంట. ఏం రాసిన్రు?”

“వేరేటోళ్లు తప్పు చేస్తే ఓదారుస్తం. అదే తప్పు మనతోని అయితే మనల్ని మనం నంజుకుతింటం. గట్ల చెయ్యొద్దని.”

“గంతేనా? గంత చిన్న మాటకు పుస్తకమా?”

“గా చిన్న మాటే ఎవ్వరికీ ఒంటబడ్తలేదమ్మా. నాకు గూడ. సరే, ఆ దినం ఏమైంది?”

“ఏమైతది. వానొచ్చింది.”

“ఎక్కడ?”

“భీమప్ప పటేల్ చేన్ల మంద పెట్టినం. కంది ఏసే ముందుగాల ఏటా పెట్టిచ్చుకుంటడు, గొర్రె ఎరువు కోసం. మిరుగు కార్తె వాన పైన గట్టిగ కొట్టింది. వాగు పొంగకముందే మందను దాటియ్యాలె.”

“పాప ఎక్కడున్నది అప్పుడు?”

“గొర్రెపిల్లలు మూడున్నయి. పుట్టి రెండొద్దులు గాలే. వానొస్తే వాటిని గొంగట్ల సుట్టి మోస్తం. నాగరాణికి గా పిల్లల నడుమ పండుకునుడంటే మస్తు పానం. మూటెత్తితే మూటల్నే వస్తది. లేవనే లేవది.”

“ఎన్నేండ్లు?”

“మూడు నిండినయి. ఆ దినం గూడ గట్లనే ఉన్నదనుకుని మూటెత్తినం. బరువున్నది. తడిసిన గొంగడి మస్తు బరువుంటది మేడం.”

“ఉంటది.”

“మీకేం ఎర్క.”

“నిజమే. నాకెర్కలేదు. చెప్పుండ్రి.”

“గొర్లను జతలు జతలు లెక్కవెట్టుకుంట దాటిచ్చినం. ఎనభై రెండు. ఒక్కటి తక్కువ గాలే. ఒడ్డుకొచ్చి మూట ఇప్పినం. గొర్రెపిల్లలే ఉన్నయి.”

“అయ్యో.”

“ఎప్పుడు లేసిందో ఏమో, ఆవలొడ్డున కండ్లు నులుముకుంట నిలవడ్డది. మమ్ములను సూసి నీళ్లల్లకు దిగింది.”

“జర ఆగుండ్రమ్మా. నీళ్లు తాగుండ్రి.”

“నీళ్లొద్దు.”

“సరే. వద్దు. రాత్రి కండ్లు మూస్తే ఏం యాదికొస్తది మీకు?”

“ఒక మాట. చెవులల్లకెల్లి పోతలేదు.”

“ఏం మాట?”

“గొర్లను లెక్కవెట్టినవ్, పిల్లను లెక్కవెట్టలేదా, అని.”

“ఎవరి గొంతు అది?”

“నాదే.”

“ఇంకెవరన్నా అట్ల అన్నరా? చుట్టాలు, ఊరోళ్లు?”

“ఎవ్వలు అనలే. నేనే అన్న.”

“చూసిన్రా. లోకం అనని మాట మీరే అన్నరు.”

“అన్న మేడం. నేనే అన్న.”

“నాగరాణి తల్లి?”

“మల్లిక. నా బిడ్డ. పెనిమిటి ఇడ్సిపెడితే నా తాననే ఉంటుండె.”

“ఉంటుండెనా? ఇప్పుడు?”

“ఆమె మాట తియ్యకుండ్రి.”

“మీ మీద కోపంగ ఉన్నదా?”

“కోపమే ఉంటే మంచిగుండు.”

“సరే. ఒక పని చేద్దం. నా పుస్తకంల ముఖ్యమైన పని ఇదే. గా కుర్చీ ఖాళీగున్నది గద. దాంట్ల మల్లిక కూసున్నదనుకోండ్రి.”

“వద్దు.”

“అనుకోండ్రి, అంతే. ఆ దినం మూట మోసింది మీరు కాదు, మల్లిక. లెక్కవెట్టింది మల్లిక. తప్పు ఆమెతోని అయింది. మీ ముందల కూసోని ఏడుస్తున్నది. ఏం చెప్తరు?”

“వద్దు మేడం. పరమేశ్‌ను పిలువుండ్రి, పోత.”

“ఒక్కసారి. కష్టమని నాకెర్కే. ఎంతోమందికి గిక్కడనే మనసు తేలికైంది.”

“గా కుర్చీ ముందలనా?”

“గా కుర్చీ ముందలనే.”

“బిడ్డా.”

“ఊఁ. చెప్పుండ్రి.”

“బిడ్డా, మల్లికా. ఏడ్వకు. గొంగడి బరువుండె. ఎవలెత్తినా గట్లనే అనుకుందురు. నేనెత్తినా గంతే. గొర్ల కోసం నువ్వు పిల్లను ఇడువలే. పిల్లను మోస్తున్ననే అనుకున్నవ్. వాగు దాటినంతసేపు దాన్నే మోసినవ్ బిడ్డా. ఇంట్లకు రా. తల సిక్కులు తీస్త. మూడొద్దులాయె నువ్వు తినక. రెండు ముద్దలు తిను. నేనున్న గద.”

“మంచిగ చెప్పిన్రమ్మా. నాకే కండ్లల్ల నీళ్లొస్తున్నయి. ఇప్పుడు గివే మాటలు మీకు మీరు చెప్పుకోండ్రి.”

“నాకెందుకు మేడం?”

“మూట ఎత్తినందుకు మీరు ఇన్ని దినాలసంది మిమ్మల్ని...”

“మూట ఎత్తింది మల్లికనే. లెక్కవెట్టింది మల్లికనే. నేను మంద ముందట నడిసిన. గొర్లను లెక్కవెట్టినవ్, పిల్లను లెక్కవెట్టలేదా అని నేను దాన్ని అన్న, అందరి ముందల. తొమ్మిదో దినం పొద్దుగాల అది గూడ గా వాగుల్నే పడ్డది. గిప్పుడు కుర్చీకి చెప్పిన మాట, గప్పుడు మనిషికి చెప్పలేదు.”