ఆషాఢం గాలికి అచ్చయ్య బావ కొట్టిన పల్టీ

మా అచ్చయ్య బావ నోరు తెరిస్తే మోతె నుంచి మా నడిగూడెం దాక ఉన్న రోడ్డు గూడ జర సాగుతదని మా ఊర్ల అంటరు. బావది మోతె. లారీ డ్రైవరు. మిర్యాలగూడ మిల్లుల బియ్యం లోడెత్తుకొని తమిళనాడు దాక పోయొస్తడు. మా స్వరూపక్క మొగడు. మనిషి బంగారమే గని మాటకే గిలుటు ఎక్కువ.

రెండువేల పద్నాలుగు ఆషాఢంల అక్క బిడ్డకు ఏడాది నిండింది. మా ఇంట్లనే దావతు. యాటకూర తిని అందరం అరుగు మీద చేరినం. మా నాయన నాగయ్య నులక మంచం మీద కాళ్లు చాపుకొని ఉన్నడు. మా బడి జాన్ సారు ప్లాస్టిక్ కుర్చీల కూసున్నడు, నేను మెట్టు మీద, బావ స్తంభానికి ఒరిగి నిలవడ్డడు. వక్క నములుకుంట మా నాయన సారు దిక్కు తిరిగి, "బిడ్డ పుట్టిననాడు పత్తా లేనోడు, గియ్యాల కేకు పట్టుకొచ్చిండు సూడు సారూ" అన్నడు.

 కాన్పుకు ఇంకా దినాలున్నయని డాక్టరమ్మ చెప్తేనే బావ లోడుకు పోయిండు. గా సంగతి మా నాయనకు ఎరికే. అయినా ఏడాది సంది గా మాట మనసుల పెట్టుకొని తిరుగుతున్నడు. బావ మొఖం చిన్నబోయింది. అలిగి పోతడేమో అనుకున్న. పోలే. కండువ దులిపి భుజాన ఏసుకున్నడు.

"మామా, నేను రాలేదంటవ్. ఎట్లొచ్చిన్నో ఒక్కరన్న అడిగిన్రా?"

జాన్ సారు కుర్చీ ముందుకు గుంజుకున్నడు. "ఎట్లొచ్చినవయ్యా?"

ఇగ మొదలైంది.

"అబద్ధమాడితే అన్నం దొరకదు సారూ. పోయినేడు గిదే ఆషాఢం. రామేశ్వరం దిక్కు లోడు దించి మర్లొస్తున్న. సముద్రం ఒడ్డున ఒక పల్లె కాడికి రాంగనే గేరుబాక్సు కటకటమని ఖతం. మెకానిక్కు సూసి, సామాను మదురై నుంచి రావాలె, వచ్చేదాక గీడనే పండు అన్నడు. ఏం జేస్త? పొద్దుగాల లేసి ఒడ్డుకు పోయి కూసుంటి. గాడ సూస్తె ఏమున్నది? మనుషులు నీళ్ల మీద ఉరుకుతున్నరు! కాళ్ల కింద తలుపు రెక్కంత పలక, నడుముకు పట్టా, పట్టుకోను చేతిల కట్టె, రెంటికి తాళ్లు, తాళ్ల కొసకు పతంగి. పోరగాండ్ల పతంగి కాదు మామా, నీ గొర్లదొడ్డి మీద కప్పినా ఇంకా మిగులుతది. పంపు పెట్టి గాలి కొడతరు దానికి. గాలి పతంగిని గుంజుతది, పతంగి మనిషిని గుంజుతది, మనిషి పలక మీద జారుకుంట పోతడు. కైట్ సర్ఫింగ్ అంటరట."

"గది ఉన్నదే, టీవీల సూసిన" అన్నడు సారు.

"నేర్పేటామె పేరు నీలా. తమిళం కలిసిన తెలుగు మాట్లాడుతది. ఒకనాడు, 'అన్నా, ఈ పతంగి అంచు జర పట్టుకుంటవా' అని అడిగింది. పట్టుకున్న. గా గాలికి పట్టుకున్నోళ్లు పట్టుకున్నట్టే కొట్టుకపోతున్నరు, నేను కదల్లే. గింత బలం యాడిదన్నా అన్నది. పొట్టేళ్ల కొమ్ములు పట్టి పెరిగినోన్ని మేడం అన్న. అయితె రా, నీకు నేర్పుత అన్నది."

"గింతదాక బాగనే ఉన్నది" అన్నడు మా నాయన, గోడకు చెప్పినట్టు.

"ఇను మామా. పలక మీద నిలవడుడే కష్టం. నిలవడంగనే బొక్కబోర్ల పడుడు, నీళ్లు తాగుడు, మల్ల లేసుడు. ఎన్ని నీళ్లు తాగిన్నంటె, సాయంత్రానికి సముద్రం బారెడు ఎనుకకు పోయింది. జాలర్లొచ్చి మేడంతోని కొట్లాట. మీ మనిషిని తాగుడు ఆపమను, మా పడవలు ఇసుకల కూరుకపోతున్నయి అని!"

"ఆపినవా మరి?" నేనడిగిన.

"ఆపిన. నిలవడుడు వచ్చినంక ఇగ తాగుడెందుకు? ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? మేడం నీళ్ల మీద పోతా పోతా ఒక్కపారి గాల్లకు లేసి, ఎనుకకు గుండ్రంగ పల్టీ కొట్టి, మల్ల పలక మీదనే దిగి, ఏం కానట్టు పోయింది. బ్యాక్ రోల్ అంటరట. గది సూసినంక నాకు అన్నం తినబుద్ధి కాలే. నేర్పాలె మేడం అన్న. మడిమెలు నీళ్లల్ల గట్టిగ తన్నిపెట్టు, పతంగిని నెత్తిమీదికి తే, అది మీదికి గుంజంగనే ఎగురు, ఎగిరినంక చేతిల కట్టెను గుంజకు, తలకాయ భుజం మీదికెల్లి ఎనుకకు తిప్పు, తల ఎటు పోతె ఒళ్లు అటు పోతది అన్నది. గొర్రెను మలపాల్నంటె మూతి పట్టి తిప్పుతం గని తోక పట్టి తిప్పుతమా మామా? మనకు తెలిసిన ముచ్చటనే. తెలుసు గని ఒళ్లు వినదు! గాల్లకు లేసిన, భయమై కిందికి సూసిన, సగమే తిరిగి వీపు మీద పడ్డ. మల్ల లేసిన, కట్టె గుంజిన, పతంగి ఎగేసుకపోయి నన్ను ఎండుచేపల మీద పడేసింది. మల్ల లేసిన. మల్ల వీపే. గా సప్పుడుకు అవతల లంకల ఆడోళ్లు ఉరుముతుందనుకొని ఆరేసిన బట్టలు తీసుకున్నరట!"

నాకు నవ్వాగలే. మా నాయన మూతికి తువ్వాల అడ్డం పెట్టుకున్నడు.

"నవ్వు నగేషూ, నవ్వు. ఒకనాడు పొద్దుగాల, మంచి గాలి. మడిమెలు తన్నిన, ఎగిరిన, తల తిప్పిన. తిరిగిన! తిరిగితె తిరిగిన, ఆగలే. ఒకటెనుక ఒకటి గిర్రగిర్ర, కవ్వం తిరిగినట్టు. నేను తిరిగిన సోట సముద్రం సిలికి సిలికి తెల్లగ వెన్న కట్టింది. ఊరు ఊరంత గిన్నెలు పట్టుకొని ఉరికొచ్చింది. ఉప్పేసే పని లేదు, రొట్టెకు పూసుకొని తినుడే!"

లోపట గిన్నెలు సదురుతున్న మా అమ్మ సాయమ్మ గడప కాడికొచ్చింది. "గా వెన్న జర తేకపోయినవ్ అల్లుడా?"

"తెచ్చిన అత్తా. చెన్నై ఎండకు కరిగింది."

"చెన్నైకి ఎందుకు పోయినవ్?" సారు అడిగిండు.

"గది గద అసలు కథ! గా పల్టీలల్లనే మెడల ఫోను మోగింది, ప్లాస్టిక్ కవర్ల పెట్టి కట్టుకున్న. తలకిందుల ఉన్నప్పుడు ఎత్తిన. గీ నగేషే. 'బావా, అక్కకు నొప్పులు మొదలైనయి, సూర్యాపేట దవాఖానకు తోల్కపోతున్నం' అన్నడు. అన్నవా, లేదా?"

"అన్న" అన్న నేను. గది నిజమే.

బావ స్తంభం మీద సున్నం గోటితోని గీకిండు. మల్ల ఎత్తుకున్నడు.

"లారీకి గేరుబాక్సు లేదు. రైలు ఎల్లిపోయింది. నా పెండ్లాం దవాఖానల ఉంటె నేను ఇసుకల కూసుంటనా? పతంగిని ఉత్తరం దిక్కు మలిపిన. ఇగ సూడు, సముద్రం సముద్రమే, ఒడ్డెంట. పాండిచ్చేరి వచ్చింది, పోయింది. చెన్నైల ఓడ అడ్డమొచ్చింది, దాని మీదికెల్లి ఒక పల్టీ. నెల్లూరు కాడ చేపలోళ్లు చాయ్ తాగిపొమ్మన్నరు, తలకిందుల ఉన్నోడు చాయ్ ఎట్ల తాగుతడు? హంసలదీవి కాడ కృష్ణ వచ్చి సముద్రంల కలుస్తది గద, గాడ ఎడమకు కొట్టి నదిల దూరిన."

"ఆగు, ఆగు" సారు చెయ్యెత్తిండు. "కృష్ణ కిందికి పారుతది. నువ్వు మీదికెట్ల వచ్చినవ్?"

"గాలి మీదికి గుంజుతుంటె నది ఏం జేస్తది సారూ? పాపం, అది గూడ జర దూరం నాతోని ఎనుకకే వచ్చింది."

సారు చెయ్యి దించిండు.

"బెజవాడ బ్యారేజీ మీదికెల్లి ఒకటి. జగ్గయ్యపేట కాడ దిగితె కోదాడ దగ్గరే గని స్పీడు ఆగలే, సక్కగ సాగర్ డ్యాముకు పోయిన. కొండ లెక్క ఎదురుంగ నిలవడ్డది. పతంగి నెత్తిమీదికి తెచ్చిన, కండ్లు మూసుకున్న, లేసిన. కింది నుంచి మీదికి పల్టీ సారూ! పెద్దవూర జనం మిద్దెలెక్కి సూసిన్రు, కావాల్నంటె పోయి అడుగు. అవతల నీళ్లల్ల దిగి, తూముకెల్లి ఎడమ కాలువల పడ్డ. కాలువ మన దిక్కు వచ్చేదే గద. మిర్యాలగూడ కాడ మా సేటు ఊక కుప్ప మీద నిలవడి, 'అచ్చయ్యా, నా లారీ ఏదిరా?' అని మొత్తుకున్నడు. ఎనుక వస్తుంది సేటూ అన్న. నా గాలికి ఊక లేసింది, ఊకతోని సేటు గూడ లేసిండు. హుజూర్‌నగర్ దాక నా ఎనుకనే వచ్చిండు పాపం. మన నడిగూడెం మీదికెల్లి పోతుంటె మామ గొర్లన్ని తలకాయలెత్తి సూసినయి."

"నా గొర్లు గా పొద్దు బయటికి తోలలే" అన్నడు మా నాయన.

"దొడ్ల నుంచే సూసినయి మామా. కోదాడ కాడ హైవే ఎక్కిన. వాన కొట్టి రోడ్డు తడిసున్నది, పలకకు గంత తడి సాలు. సౌరస్తల ట్రాఫిక్ పోలీసాయన, ఆంధ్ర మాట, 'ఏవండీ, బండికి నంబరు లేదేంటండీ?' అన్నడు. అసలు బండే లేదండీ అన్న. నిజమే గదండీ అని చెయ్యెత్తి దారిచ్చిండు. ఇగ మునగాల ఎప్పుడు పోయిందో, సూర్యాపేట ఎప్పుడొచ్చిందో! దవాఖాన ముంగట నిలవడ్డ. అక్క మీదంతస్తుల ఉన్నదని గీ నగేషు చెప్పిండాయె. మెట్లెక్కే తీరిక యాడిది? రోడ్డు మీదికెల్లే లేసిన. అసొంటి పల్టీ మల్ల పుట్టినా కొట్టలేను. కిటికీ ఎదురుంగ నా ఒళ్లు తలకిందులైంది సూడు, గప్పుడే, గా గడియలనే బిడ్డ కేరుమన్నది. అందరికంటె ముందుగాల నేనే సూసిన మామా. తలకిందుల సూసిన్నేమో గని, నేనే ముందు సూసిన."

గీ ఆఖరి మాట బావ నేల సూసుకుంట అన్నడు. నవ్వుదామనుకున్న నేను నవ్వలేకపోయిన.

గడప కాడ గాజుల సప్పుడైంది. అక్క బిడ్డను సంకనేసుకొని నిలవడ్డది. ఎప్పటి సంది ఇంటున్నదో.

"నేనున్న గదికి కిటికే లేకుండె" అన్నది.

ముందుగాల జాన్ సారు పక్కుమన్నడు. ఎనుక మా అమ్మ, నేను. సారుకు పొలమారి కండ్లల్ల నీళ్లొచ్చినయి. మా నాయన గూడ తువ్వాల తీసేసి నవ్విండు. బావ తల దించుకొని, కాలి బొటనవేలుతోని అరుగు రాస్తున్నడు.  ఓడ మీదికెల్లి ఎగిరినోడు, డ్యాము దాటినోడు, కిటికీ కాడ ఆగిపోయిండు.

"నవ్విన్రు గద, ఇగ ఇనుండ్రి" అన్నది అక్క. "నాయనా, నువ్వు గా తెల్లారి గొర్ల కాడికని ఇంటికొస్తివి. గీయన ఎట్లొచ్చిండో నువ్వు సూడలే. మిట్ట మధ్యాహ్నం వచ్చిండు. రైలు దొరకక చేపల లారీ ఎక్కి, గది దిగి ఇంకోటి ఎక్కి, కాళ్లకు చెప్పులు లేకుంట వచ్చిండు. గా వాసనకు నర్సమ్మ లోపటికి రానియ్యలే. బోరింగు కాడ నీళ్లు పోసుకొని, తడి బట్టలతోనే వచ్చి మంచం కాడ నిలవడ్డడు. బిడ్డను ఎత్తుకోమంటె ఎత్తుకోడు. ఏందని చేతులు సూస్తె, అరచేతులు రెండు బొబ్బలు పగిలి పచ్చి పుండు. ఒత్తుకుంటదేమో అన్నడు. నా చీర కొంగు చేతుల మీద పరిచి బిడ్డను పెట్టిన, గప్పుడు పట్టుకున్నడు."

 మా నాయన వక్క నములుడు ఆపిండు.

"నాలుగొద్దులకు గా నీలా ఫోన్ చేసింది. గీయన చెప్పులు ఒడ్డు మీదనే ఉన్నయట. బిడ్డ మంచిగున్నదా అక్కా అని అడిగింది. ఆమెనే చెప్పింది. పొద్దుందాక పడుడేనట, వద్దన్నా ఇనకపోవుడేనట. గా ఒక్క పొద్దు మాత్రం తిరిగిండట. నిండుగ ఒక్క పల్టీ. పలక మీదనే దిగిండట. ఒడ్డునున్నోళ్లందరు చప్పట్లు కొడుతుంటె గప్పుడే మా తమ్ముని ఫోన్. ఇసుకల పెట్టిన ఫోను ఎత్తి ఇన్నడు, అటే రోడ్డెక్కిండు. మెచ్చుకుందామని ఆమె నీళ్లల్ల నుంచి వచ్చేసరికి మనిషే లేడట." అక్క బిడ్డను ఇంకో సంకకు మార్చుకున్నది. "ఓడ లేదు, డ్యాము లేదు. కిటికీ అసలే లేదు. గా ఒక్కటి ఉన్నది."

బావ తల ఎత్తలే. చెవులు మాత్రం ఎర్రగైనయి. ఎన్ని కోతలు కోసినా ఎర్రగ కాని చెవులు.

మా నాయన చాపిన కాళ్లు మడుసుకున్నడు. మంచం మీద పక్కన చేత్తోని తట్టిండు.

"గీడ కూసో అచ్చయ్యా."

బావ వచ్చి కూసున్నడు. నులక కిర్రుమన్నది.

"గా ఒక్కటే చెప్పు" అన్నడు మా నాయన. "లేనిది కలపకు."

బావ చేతులు సూసుకున్నడు. "ఏమున్నది మామా... లేసిన. ఒక్క గడియ నీళ్లు నెత్తిమీద ఉండె, మొగులు కాళ్ల కింద ఉండె. మల్ల దిగిన."

మా నాయన ఇంకా ఉన్నదేమో అని సూసిండు. సారు సూసిండు. 

"గంతేనా?" అన్నడు మా నాయన. మొఖంల ఎక్కడలేని నిరాశ. "ఏందయ్యా, జర కలిపి చెప్పరాదు!"