రేనో సైకిలు పాడుచేసిన రోజు

అబ్బే, నావల్ల కాలేదు ఐలీ చెల్లెమ్మా. ఇంకెవరికైనా చెప్పి చూడు. అలా చూస్తావేం? దుంపలు తర్వాత తరుక్కోవచ్చు, ముందు కూర్చో. మీ ఆయన రేనో ఇంకా ఆవిరి స్నానం గదిలోనే ఉన్నాడుగా? ఆఁ, ఈల వినిపిస్తోందిలే. వాడు బయటికొచ్చేలోగా చెప్పేసి పోతాను.

నువ్వు చెప్పిందే చేశానమ్మా! "గుండెకి స్టెంటు వేయించుకున్న మనిషి, అంత పెద్ద సుపీరియర్ సరస్సు చుట్టూ సైకిలు తొక్కుతానంటున్నాడు, నువ్వే ఎలాగోలా ఆపు అన్నయ్యా" అన్నావా లేదా? ప్రాక్టీసు రైడులోనే విసుగెత్తించమన్నావు. ప్రాణస్నేహితుడికి వెన్నుపోటు పొడవమంటావా అన్నాను. అన్నానా? అయినా పొడిచాను.

పొద్దున వాడు ఫ్లాస్కులో కాఫీ పోసుకోడానికి లోపలికొచ్చాడు చూడు, అప్పుడే సామాను స్టాండు బోల్టు వదులు చేశాను. బ్రేకుల జోలికి మాత్రం పోలేదు, ఒట్టు!

ఊరు దాటామో లేదో, దబ్బున పడింది సంచి. డేరా ఒకవైపు, గిన్నెలు ఒకవైపు. ఇక తిట్లు లంకించుకుంటాడనుకున్నా. తిట్టాడా? ముప్పై రెండు పళ్లూ బయటపెట్టి నవ్వాడు! "మంచిదేరా క్లైడ్! ప్రాక్టీసులో చెడింది టూరులో చెడదు" అన్నాడు.

ఈ సైకిలు టూర్ల పిచ్చి నీకు తెలియంది కాదు. పోయే ముందు సామానంతా నిజంగానే కట్టుకుని, గాడిదల్లా మోసుకుని ఒకరోజు తిరిగొస్తాం. ఆ రోజు ఎన్ని విరిగితే అంత శుభశకునం మాకు. ఇరవై ఏళ్లుగా నేను చెబుతున్న మాటే అది! అలాంటిది వాడి సైకిలు చెడగొట్టి వాణ్ణి ఆపాలనుకున్నాను. నా బుద్ధి గడ్డి తిని!

ఆపానా? లేదు. వాడు పెట్రోలు బంకులోకి మాంసం కూరిన పాస్టీలు తేవడానికెళితే, వాడి వెనక టైరులో తీగముక్క గుచ్చాను. వాడేం చేశాడు? ఒక చేత్తో పాస్టీ తింటూ, రెండో చేత్తో ట్యూబు మార్చాడు. మధ్యలో "తినరా, చల్లారిపోతుంది" అని నాకు ఒకటే పోరు. నా పాస్టీ అలాగే సంచిలో పెట్టేశాను.

పైనున్నవాడు ఊరుకుంటాడా? ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారంటారు. మధ్యాహ్నానికి నా చైనే తెగింది. నేను ముట్టుకోలేదు, దానంతటదే! నల్ల ఈగలు పీక్కుతింటుంటే వాడు బురదలో మోకాళ్లూని అతికించాడు. "ఇక చెడ్డానికి మనకేం మిగల్లేదురా!" అని గంతులు. పెళ్లినాడు కూడా వాడి మొహం అలా వెలగలేదు. నిజంగా, నేనక్కడే ఉన్నాగా.

ఆ తర్వాత... పాత గని దగ్గర ఎత్తు ఎక్కుతున్నాం. వాడు ముందు, నేను వెనక. ఉన్నట్టుండి దిగాడు. సైకిలు వదిలేసి రోడ్డు పక్కన చతికిలబడ్డాడు. చెయ్యి ఇక్కడ, రొమ్ము మీద.

ఆగు, లేవకు! కూర్చో తల్లీ. ఇప్పుడు బాగానే ఉన్నాడు. మాత్ర నాలుక కింద పెట్టుకున్నాడు, కాసేపటికి సర్దుకుంది. ఫోనా? ఆ అడివిలో సిగ్నల్ ఎక్కడ ఏడ్చింది!

తేరుకున్నాక మొదటి మాట ఏంటో తెలుసా? "ఐలీకి చెప్పకు" అన్నాడు. రెండో మాట, "ఆ బోల్టు నువ్వే వదులు చేశావు కదరా? ఐలీ చేయించిందా?" అన్నాడు. అవునని తలూపాను.

"కోపం లేదురా. నువ్వు రాకపోయినా నేను వెళతాను" అన్నాడు. ఎందుకురా ఈ మొండితనం, ఇంటిపట్టున ఉంటే ఏం పోయిందిరా అని అరిచాను. అప్పుడన్నాడు చెల్లెమ్మా... "ఇంట్లో కుర్చీలో నా ప్రాణం పోయిందనుకో, పొద్దున్నే చూడాల్సింది ఐలీ. దారిలో అయితే నువ్వుంటావు. నువ్వు గట్టివాడివి, తట్టుకుంటావు" అన్నాడు.

అదీ సంగతి. నువ్వేమో వాణ్ణి ఆపమని నన్ను పంపావు. వాడేమో నీకా బాధ తప్పించడానికి నన్ను వెంట తీసుకుపోతున్నాడు. అడకత్తెరలో పోకచెక్కనయ్యాను మీ ఇద్దరి మధ్య. ఒక్కణ్ణి ఎలా వదిలేయను? వస్తానని మాటిచ్చేశాను. శుక్రవారం ప్రయాణం.

తిట్టు, పడతాను. వాడితో పోట్లాడు, ఏడు, ఆ సైకిలు గొడ్డలితో నరుకు, నేనడ్డం రాను. నీకా హక్కుంది. నీవల్ల కాకపోతే మాత్రం ఇక ఎవరివల్లా కాదు.

గట్టివాణ్ణట నేను! వాడు రొమ్ము పట్టుకు కూలబడితే ఈ గట్టివాడేం చేశాడో తెలుసా? నీళ్లివ్వలేదు, చొక్కా గుండీ విప్పలేదు. నడిరోడ్డు మీద నిలబడి, "ఐలీ, ఐలీ" అని నీ పేరే అరిచాను చెల్లెమ్మా.